పాట ఒకరిది, మీట ఒకరిది

డోరెమాన్ కార్టూన్లు చూసే పిల్లలున్న ఇంట్లో జియాన్ ఎవరో చెప్పనక్కర్లేదు. వీధిలో తోటి పిల్లల మీద పెత్తనం చేసే ఆ భారీ కుర్రాడికి తానొక మహాగాయకుడినన్న నమ్మకం. ఖాళీ స్థలంలో కచేరీ ఏర్పాటు చేసి అందర్నీ రమ్మని హుకుం జారీ చేస్తాడు. రానివాడికి తన్నులు తప్పవు. వాడు మైకు పట్టుకుని గొంతెత్తగానే నోబితా చెవులు మూసుకుంటాడు, సునియో గుడ్లు తేలేస్తాడు. జపాన్‌లో ఫుజికో ఎఫ్. ఫుజియో 1969లో మొదలుపెట్టిన ఈ బొమ్మల కథలు దేశదేశాల పిల్లలను నవ్విస్తున్నాయి. ఆ నవ్వులోనే పిల్లలు ఒక సంగతి పసిగడతారు. నోబితా కష్టంలో జియాన్ గొంతు వాటా సగమే. మధ్యలో లేచి ఇంటికి పోయే వీలు లేకపోవడం మిగతా సగం.

పాటతో శత్రువును పడగొట్టడం కథకులకు ఎప్పటినుంచో ఇష్టమైన ఆట. ఫ్రాన్స్‌లో గోసినీ రాసి ఉడెర్జో బొమ్మలు గీసిన ఆస్టెరిక్స్ కథల్లో ఊరి గాయకుడు పాడబోతున్నాడంటే జనం హడలిపోతారు. అతన్ని చెట్టుకు కట్టేసి, నోరు కట్టి, అప్పుడు గానీ విందుకు కూర్చోరు. 1966 నాటి కథలో అదే గొంతు ఊరిని గట్టెక్కిస్తుంది. భయమంటే ఏమిటో ఎరగని నార్మన్లు అదేదో నేర్చుకుపోదామని దండెత్తి వస్తారు. ఈయన నాలుగు పాటలు అందుకోగానే వాళ్లకు వణుకు పుడుతుంది. టిమ్ బర్టన్ తీసిన ‘మార్స్ అటాక్స్’ (1996)లో అణుబాంబుకు చావని అంగారకులు స్లిమ్ విట్‌మన్ పాడిన పాత ప్రేమగీతం వినగానే తలలు పగిలి చస్తారు. స్టీఫెన్ చౌ ‘కుంగ్‌ఫూ హజిల్’ (2004)లో ఇద్దరు కిరాయి హంతకులు తంత్రీవాద్యం మీటుతుంటే ఆ స్వరాలే కత్తులై దూసుకుపోతాయి.

ఇవన్నీ నవ్వుకోవాల్సినవే. పేచీ హాస్యంతో కాదు. ఈ కథల్లో ఎక్కువ భాగం పాట పెట్టేవాడి పక్కన నిలబడి చెప్పినవి. ఎవరి చెవిలో అది పడుతోందో వాడి పక్కన కూర్చుని చెప్పినవి చాలా తక్కువ. ఆ అలవాటు కథల్లోనే ఆగిపోయి ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు. నిజంగా మనుషులను గదుల్లో పెట్టి, రోజుల తరబడి పాటలతో హింసించిన వార్తలు వచ్చినప్పుడు కూడా ప్రపంచం ముందు నవ్వింది. విషయం అర్థం కావడానికి ఏళ్లు పట్టింది.

బిల్లీ వైల్డర్‌కు ఆ సంగతి ముందే తెలిసినట్టుంది. 1961లో ఆయన బెర్లిన్‌లో ‘వన్, టూ, త్రీ’ తీశాడు. షూటింగ్ జరుగుతుండగానే ఆగస్టు 13న బెర్లిన్ గోడ లేచింది. అందులో ఆటో అనే కమ్యూనిస్టు కుర్రాణ్ణి తూర్పు జర్మనీ పోలీసులు అమెరికా గూఢచారి అనుకుని పట్టుకుంటారు. కొట్టరు, తిట్టరు. చుక్కల బికినీ వేసుకున్న అమ్మాయి గురించిన అమెరికన్ పాప్ పాటను గ్రామఫోన్ మీద పెట్టి మళ్లీ మళ్లీ వినిపిస్తారు. రికార్డును మధ్య నుంచి జరిపి, రాగం వంకరపోయేలా తిప్పుతారు. కుర్రాడు గిలగిల్లాడిపోయి, చెయ్యని నేరం ఒప్పుకుని సంతకం పెట్టేస్తాడు. హాలంతా నవ్వులు. ఆ సన్నివేశంలో అసలైన పట్టు మాత్రం పాట ఎంపికలో ఉంది. రేడియోలో ఒకసారి వింటే పెదాల మీద చిరునవ్వు తెప్పించే పాట అది. అందులో వింత శక్తి ఏమీ లేదు. పిన్ను పైకెత్తే అధికారం వినేవాడికి లేదు, అంతే.

ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఇదే పద్ధతి పనామా నగరంలో వీధికెక్కింది. 1989 డిసెంబరు 20న అమెరికా సైన్యం పనామా మీద దండెత్తింది. ఆ దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మాన్యుయెల్ నోరియేగా డిసెంబరు 24న వాటికన్ దౌత్య కార్యాలయంలోకి చొరబడి ఆశ్రయం పొందాడు. లోపలికి వెళ్తే వాటికన్‌తో గొడవ. అందుకని సైనికులు బయట పెద్ద పెద్ద లౌడ్‌స్పీకర్లు నిలబెట్టి రాక్ సంగీతం హోరెత్తించారు. సైన్యం నడిపే రేడియో కేంద్రానికి ఫోన్లు చేసి ఫలానా పాట వేయమని కోరిన సైనికులూ ఉన్నారు. వాన్ హేలెన్ బృందం పాట ‘పనామా’ వాటిలో ఒకటి. నోరియేగాకు ఒపేరా అంటే ఇష్టమనీ, రాక్ అంటే గిట్టదనీ చెప్పుకునేవారు. సైన్యం ఇచ్చిన సంజాయిషీ వేరు: లోపల జరిగే మంతనాలను విలేకరులు మైకులు పెట్టి వినకుండా అడ్డుకోవడానికే ఈ చప్పుడు అంది.

ఈ కథ ఇప్పటికీ సరదా కబురుగానే చలామణి అవుతోంది. రాక్ పాటలకు తట్టుకోలేక నియంత లొంగిపోయాడని చెప్పుకుంటారు. జరిగింది అలా లేదు. వాటికన్ అభ్యంతరం చెప్పడంతో పాటలు ఆపేశారు. అవి ఆగిన కొద్ది రోజులకు, 1990 జనవరి 3న, నోరియేగా బయటికి వచ్చాడు. లోపల ఆయనకు నచ్చజెప్పింది పోప్ రాయబారి లబోవా. ఆ రాయబారి కూడా, ఆయన సిబ్బంది కూడా అదే హోరులో ఉన్నారు. లౌడ్‌స్పీకర్‌కు దోషి ఎవరో, పక్కనున్నవాడెవరో తెలియదు. పనామా కథ చెప్పేవాళ్లలో లబోవా చెవుల గురించి మాట్లాడేవాళ్లు అరుదు.

మూడేళ్లు తిరిగేసరికి టెక్సస్‌లోని వాకోలో మళ్లీ అదే. 1993లో డేవిడ్ కోరెష్ అనే మతనాయకుడూ అతని అనుచరులూ ఉన్న భవనాన్ని ఎఫ్‌బీఐ చుట్టుముట్టింది. 51 రోజుల ముట్టడి. టిబెట్ బౌద్ధుల మంత్రజపం, నాన్సీ సినాట్రా పాట, చంపుతున్న కుందేళ్ల అరుపులు లౌడ్‌స్పీకర్లలో రాత్రుళ్లు వినిపించారు. కోరెష్ స్వయంగా గిటారు వాయించి పాడేవాడు. కరెంటు ఉన్నన్నాళ్లు లోపలి నుంచి తన పాటలతోనే జవాబిచ్చాడు. ఏప్రిల్ 19న భవనం మంటల్లో కాలిపోయి 76 మంది చనిపోయారు. వారిలో పసిపిల్లలు ఉన్నారు. ఆ రాత్రుళ్లు నిద్రకు నోచుకోనివారిలో ఆ పిల్లలూ ఉన్నారు.

తెలుగులో ఈ విద్యను అందరికంటే చక్కగా తెరకెక్కించింది రాజమౌళి. ‘ఈగ’ (2012)లో హత్యకు గురైన నాని ఈగగా పుట్టి ప్రతీకారం మొదలుపెట్టేది కత్తితోనో విషంతోనో కాదు, రొదతో. విలన్ కన్ను మూతపడుతుండగా చెవి దగ్గర రొద మొదలవుతుంది. వాడు లేచి వెతుకుతాడు, ఏమీ దొరకదు. పడుకుంటాడు, మళ్లీ రొద. తెల్లారేసరికి కోట్లకు పడగలెత్తిన మనిషి కళ్లు ఎర్రబడి, చిరాకుతో, పనులన్నీ తారుమారు చేసుకుంటాడు. సినిమా హాల్లో ఈలలు పడ్డాయి, పడాల్సిందే. ఇక్కడ దర్శకుడి ప్రతిభ ఏమిటంటే, రొద ఎంత గట్టిగా ఉందన్నది ముఖ్యం కాదని ఆయన గుర్తించాడు. ఈగ చప్పుడు గుసగుసకు ఎక్కువేమీ కాదు. అది ఎప్పుడు ఆగుతుందో, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో తెలియకపోవడమే మనిషిని పిండేస్తుంది. నిద్ర లేకుండా చేసి మనిషిని లొంగదీసే ప్రపంచపు విచారణాధికారులందరూ నమ్ముకున్నది దీన్నే. కెమెరా ఒక్కోసారి ఈగతో ఎగిరింది, ఒక్కోసారి విలన్ దిండు పక్కన పడుకుంది. అందుకే ఆ సన్నివేశం నవ్విస్తూనే ఒళ్లు చిరచిరలాడిస్తుంది. విలన్ దుర్మార్గుడు కాబట్టి ప్రేక్షకుడు హాయిగా ఈగ పక్షం వహించాడు. అదే గదిలో ఏ తప్పూ చేయని మనిషిని ఊహించుకుంటే హాయి మిగలదు.

జంధ్యాల హాస్యంలోనూ ఇలాంటి బందీలు కనిపిస్తారు. ‘చంటబ్బాయ్’ (1986)లో శ్రీలక్ష్మి కవితలు వినాల్సి వచ్చిన పత్రికా సంపాదకుణ్ణి చూసి ఎన్ని తరాలు నవ్వుకున్నాయో.

పురాణాలు శబ్దాన్ని ఇంత తేలిగ్గా తీసుకోలేదు. రామాయణంలో కుంభకర్ణుణ్ణి లేపడానికి రాక్షసులు శంఖాలూ భేరీలూ మోగిస్తారు, మీద ఏనుగులను నడిపిస్తారు. అంత చప్పుడు చేయాల్సి వచ్చిందంటే ఆ నిద్ర ఎంత గాఢమైనదో, దాన్ని బలవంతంగా చెడగొట్టడం ఎంత పెద్ద పనో కవి చెబుతున్నాడన్నమాట. భగవద్గీత మొదటి అధ్యాయంలో పాండవుల శంఖాల ఘోష కౌరవుల గుండెలను చీల్చిందని ఉంది. ఇక విరాటపర్వం. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు దేవదత్తం పూరించగానే ముందు కూలబడింది శత్రువులు కాదు, పక్కనే రథం మీదున్న ఉత్తరకుమారుడు. గుర్రాలు మోకాళ్ల మీద పడ్డాయి. మళ్లీ ఊదే ముందు అర్జునుడు అతనికి ధైర్యం చెప్పి, గట్టిగా పట్టుకుని కూర్చోమన్నాడు. ‘నర్తనశాల’ (1963)లో రేలంగి ఉత్తరుణ్ణి చూసి నవ్వుకున్నవాళ్లకు ఆ ఘట్టం హాస్యంగానే గుర్తుంటుంది. భారత కవి మాత్రం ఒక ముఖ్యమైన మాట చెప్పాడు: ఆయుధం మోగించేవాడు తన పక్కనున్నవాడి చెవి సంగతి కూడా చూడాలి. పనామాలో ఆ పాటి ఆలోచన ఎవరూ చేయలేదు.

సంగీతం ఆయుధమైన దృశ్యాల్లో ప్రపంచం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ‘అపోకలిప్స్ నౌ’ (1979)లోని హెలికాప్టర్ల దాడి. వియత్నాం యుద్ధం. కర్నల్ కిల్గోర్‌గా రాబర్ట్ డువాల్. తెల్లవారుతుండగా హెలికాప్టర్ల బారు ఒకటి ఊరి మీదికి వస్తుంది, లౌడ్‌స్పీకర్లలో వాగ్నర్ ఒపేరా సంగీతం మారుమోగుతుంది. శత్రువుకు అది విని వణుకు పుడుతుందని, తన కుర్రాళ్లకు హుషారు వస్తుందని కిల్గోర్ చెబుతాడు. దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కపోలా, శబ్దాన్ని తీర్చిన వాల్టర్ మర్చ్ ఇక్కడ చేసింది చూడాలి. హెలికాప్టర్లో సంగీతం ఉప్పొంగుతుండగా హఠాత్తుగా దృశ్యం ఊళ్లోకి మారుతుంది. బడి ఆవరణ. తెల్లటి బట్టల్లో పిల్లలు. నిశ్శబ్దం. తర్వాత ఎక్కడో దూరం నుంచి సన్నగా అదే సంగీతం వినబడుతుంది, టీచర్లు పిల్లలను పరుగులు పెట్టిస్తారు. కొద్ది క్షణాలే అయినా, ప్రేక్షకుడు ఆకాశం నుంచి నేల మీదికి దిగి, వినేవాళ్లలో ఒకడయ్యాడు.

అయినా ఆ కొద్ది క్షణాలను చాలామంది చెవిన పెట్టలేదు. ఆంథొనీ స్వాఫర్డ్ జ్ఞాపకాల ఆధారంగా 2005లో వచ్చిన ‘జార్‌హెడ్’ సినిమాలో, గల్ఫ్ యుద్ధానికి బయల్దేరబోయే అమెరికా మెరీన్లు హాల్లో కూర్చుని ఇదే సన్నివేశం చూస్తూ కేరింతలు కొడతారు, కలిసి రాగం తీస్తారు. ‘జార్‌హెడ్’కు ఎడిటింగ్ చేసింది కూడా వాల్టర్ మర్చే. యుద్ధాన్ని తప్పుపట్టడానికి తాము మలచిన దృశ్యం యుద్ధానికి పోయేవాళ్లకు పండగ పాటగా మారడాన్ని ఆయన తన చేతులతోనే కూర్చాల్సి వచ్చింది. 2004లో ఇరాక్‌లోని ఫలూజా ముట్టడిలో అమెరికా సైనికులు ఏసీ/డీసీ బృందం పాటలు లౌడ్‌స్పీకర్లలో హోరెత్తించారు. సినిమాలు సైన్యానికి ఆ ఆలోచన పుట్టించాయని తేల్చి చెప్పలేం. వియత్నాంలోనే అమెరికా సైన్యం ‘వాండరింగ్ సోల్’ పేరుతో అంత్యక్రియల సంగీతాన్నీ, దెయ్యాలు ఏడుస్తున్నట్టుండే గొంతులనూ రాత్రిపూట అడవుల్లో వినిపించింది. దిక్కులేని చావు చచ్చినవాడి ఆత్మ తిరుగుతుందన్న వియత్నాం ప్రజల నమ్మకాన్ని పట్టుకుని అల్లిన నాటకం అది. కపోలా సినిమాకంటే అదే ముందు. సినిమాలు చేసిన పని వేరు. ఈ పద్ధతికి ఒక సొగసు తెచ్చిపెట్టాయి.

ఆంథొనీ బర్జెస్ ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ నవల 1962లో, స్టాన్లీ కుబ్రిక్ సినిమా 1971లో వచ్చాయి. ఈ వరసలో అన్నిటికంటే నిజాయతీగా ఉన్న కథ ఇదే. అలెక్స్ కరుడుగట్టిన నేరగాడు, బీథోవెన్ అంటే ప్రాణం. హింసను చూస్తే కడుపులో తిప్పేలా అతనికి మందులిచ్చి, రెప్పలు మూతపడకుండా క్లిప్పులు పెట్టి, దారుణమైన సినిమాలు చూపిస్తారు. కుబ్రిక్ తీసినదాంట్లో ఆ దృశ్యాల వెనక వస్తున్నది బీథోవెన్ తొమ్మిదో సింఫనీ. అలెక్స్ అరిచి మొత్తుకుంటాడు. ఆ తర్వాత ఆ సంగీతం వింటే చాలు, వాంతి. సినిమాలో ఒకప్పుడు అతని చేతిలో చిత్రహింస పడ్డ రచయిత అతన్ని మేడ మీద గదిలో పెట్టి తాళం వేసి, కింది నుంచి అదే సింఫనీ పెద్దగా పెడతాడు. అలెక్స్ కిటికీలోంచి దూకేస్తాడు.

బర్జెస్ స్వయంగా సంగీతకర్త. మనిషికి ఇష్టమైన సంగీతాన్ని అతని మీదికే ఉసిగొల్పితే పోయేదేమిటో ఆయనకు బాగా తెలుసు. చెడ్డ పాట కావాలన్న అపోహను ఈ ఒక్క కథ తుడిచేస్తుంది. తొమ్మిదో సింఫనీకంటే గొప్ప సంగీతం పడమటి దేశాల్లో ఎంత ఉంది? అదీ ఆయుధమైంది. ఇంకోటి కూడా ఉంది. అలెక్స్ మంచివాడు కాదు, అతని మీద జాలి పడమని కథ బతిమాలదు. దుర్మార్గుడి చెవి కూడా చెవే అని ఒప్పుకోవడం పాఠకుడికి కష్టం. ఆ కష్టాన్ని బర్జెస్ తప్పించుకోనివ్వడు.

ఇరాక్ యుద్ధం నాటికి వీటిలో చాలావరకు అచ్చులో, తెర మీద ఉన్నాయి. 2003లో ఇరాకీ ఖైదీలకు మెటాలికా పాటలూ, చిన్నపిల్లల టీవీ కార్యక్రమం ‘బార్నీ’ పాటా గంటల తరబడి వినిపిస్తున్నారని వార్తలొచ్చాయి. ఊదారంగు డైనోసార్ పిల్లలతో ప్రేమ గురించి పాడే పాట అది. ఆ వార్తను పత్రికలూ టీవీలూ వినోదంగా ప్రచారం చేశాయి. పిల్లలున్న తల్లిదండ్రులకు ఆ బాధ తెలుసు కదా అన్న ధోరణి. జాన్ రాన్సన్ తన ‘ద మెన్ హూ స్టేర్ ఎట్ గోట్స్’ (2004) పుస్తకంలో ఈ నవ్వునే నిలదీశాడు. ఖైదీలను హింసిస్తున్నారన్న వార్త బార్నీ పేరు చేరగానే జోకుగా ఎలా మారిపోయిందో చూపించాడు. ‘సెసమీ స్ట్రీట్’ పాటలు కట్టిన క్రిస్టఫర్ సెర్ఫ్‌కు తన పాటలు కూడా ఈ పనికి వాడారని తెలిసి నమ్మబుద్ధి కాలేదు. పిల్లలకు అక్షరాలు నేర్పడానికి కట్టిన పాటలవి. ఆయన స్వయంగా వెళ్లి సైనికులనూ, మాజీ ఖైదీలనూ అడిగి తెలుసుకున్న ప్రయాణాన్ని అల్‌జజీరా 2012లో డాక్యుమెంటరీగా చూపింది.

లోపల ఏం జరిగిందో చెప్పినవాళ్లలో బిన్యామ్ మొహమ్మద్ ఒకరు. కాబూల్ దగ్గర సీఐఏ చీకటి జైల్లో ఎమినెమ్ ర్యాప్ పాటలు ఇరవై రోజులపాటు ఆగకుండా వినిపించారని ఆయన చెప్పారు. అంతకుముందు మొరాకోలో ఒంటి మీద కత్తిగాట్లు పెట్టారు. ఆ కోతలకంటే మతి పోగొట్టే ఈ సంగీతమే భరించలేనిదని తన న్యాయవాది క్లైవ్ స్టాఫర్డ్ స్మిత్‌కు చెప్పుకున్నారు. 2014 డిసెంబరులో అమెరికా సెనేట్ నిఘా కమిటీ విడుదల చేసిన నివేదిక ‘కోబాల్ట్’ అనే రహస్య జైలును వర్ణించింది: కటిక చీకటి, గొలుసులు, మూత్రానికీ మలానికీ ఒక బకెట్, ఎడతెగని పెద్ద సంగీతం. ఇక్కడ జియాన్ లేడు, ఆస్టెరిక్స్ లేడు. 2008లో బ్రిటన్ సంస్థ రిప్రీవ్ ‘జీరో డీబీ’ పేరుతో ఉద్యమం మొదలుపెట్టి, తమ సంగీతాన్ని హింసకు వాడొద్దని కళాకారుల చేత చెప్పించింది.

చట్టానికి ఈ సంగతి ఇంకా ముందే ఎదురైంది. 1971లో ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటిష్ అధికారులు నిర్బంధించిన 14 మంది మీద ఐదు పద్ధతులు ప్రయోగించారు. తలకు ముసుగు, గోడకు ఆన్చి గంటల తరబడి నిలబెట్టడం, నిద్ర లేకుండా చేయడం, తిండి తగ్గించడం, ఆగకుండా బుసకొట్టే చప్పుడు. 1976లో ఐరోపా మానవ హక్కుల కమిషన్ అది చిత్రహింసేనంది. 1978లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఒక మెట్టు దిగి, అమానుషమూ అవమానకరమూ అయిన ప్రవర్తన అంది గానీ చిత్రహింస అనలేదు. ఆ తేడాను పట్టుకునే తర్వాతి దశాబ్దాల్లో ఎందరో అధికారులు తమ చేతులు కడుక్కున్నారు. శబ్దం ఒంటి మీద గాటు పెట్టదు, ఫొటోకు చిక్కదు. కోర్టులో చూపించడానికి మచ్చ ఉండదు. అందుకే దాన్ని ఎంచుకుంటారు, నవ్వు రావడానికీ కారణం అదే.

పాట పెట్టి మనుషులను తరిమే పని ఇప్పుడు సైన్యాలు దాటి పురపాలక సంఘాల దాకా వచ్చింది. 2019లో ఫ్లోరిడాలోని వెస్ట్ పామ్ బీచ్‌లో నగర అధికారులు చెరువు పక్క మండపం దగ్గర తలదాచుకునే ఇల్లులేని వారిని వెళ్లగొట్టడానికి రాత్రంతా ‘బేబీ షార్క్’ పాట మోగించారు. 2022 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ పార్లమెంటు స్పీకర్ ట్రెవర్ మలార్డ్ తన ఆవరణలో బైఠాయించిన టీకా నిబంధనల వ్యతిరేకుల మీద బారీ మనిలో పాటలూ, అదే ‘బేబీ షార్క్’ కూడా ప్రయోగించాడు. వాళ్లు డ్యాన్సులు చేశారు, తమ పాటలతో ఎదురు పాడారు, కదల్లేదు. ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టి చూడాలి. న్యూజిలాండ్ నిరసనకారులకు కాళ్లున్నాయి, ఇళ్లున్నాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చు. వాళ్లకది ఆట అయింది. మండపం కింద పడుకునేవాడికి పోవడానికి చోటు లేదు. పాట ఒకటే, ఆయుధం ఒకచోటే అయింది.

తెలుగు ఊళ్లలో ఈ మాట అర్థం కావడానికి ఏ జైలూ అక్కర్లేదు. పెళ్లి ఊరేగింపు, జాతర, నిమజ్జనం, నాయకుడి పుట్టినరోజు. వ్యాను మీద మనిషెత్తు డీజే బాక్సులు కిటికీ అద్దాలను వణికిస్తూ సాగుతాయి. ఎవరి మీదా కక్ష లేదు, నిజమే. వీధిలో చిందులేస్తున్నవాడికి అది ఆనందమే. మేడ మీద గుండె ఆపరేషన్ అయి పడుకున్న ముసలాయనకు, తెల్లారితే పరీక్ష ఉన్న పిల్లకు, పురిటి బిడ్డకు మాత్రం ఆపే మీట అందదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు మోగించరాదు. ప్రభుత్వాలు ఏడాదిలో కొద్ది రోజులు మాత్రం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. ఆ లెక్కన చట్టం చెప్పే అంకెకూ, డీజే బండి ముందు నిలబడితే గుండెల్లో మోగే దానికీ మధ్య దూరం లక్షల రెట్లకు పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2009లో రాత్రిపూట ఇంటి బయట 40 డెసిబెల్స్‌నే మేలైన హద్దుగా సూచించింది. 2024 అక్టోబరు మొదట్లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. మంచి పని. అలాంటి ఆదేశం ఏ పండగకైనా, ఏ పార్టీకైనా ఒకేలా అమలైతేనే దానికి విలువ.

2005 జులై 18న శబ్ద కాలుష్యం మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఎలా మొదలవుతుందో చదివినవాళ్లు దాన్ని మరిచిపోలేరు. ఒక ఇంజనీరు ఆ పిటిషన్ వేయడానికి కారణం 1998 జనవరిలో పత్రికల్లో వచ్చిన ఒక వార్త. పదమూడేళ్ల అమ్మాయిపై అత్యాచారం జరుగుతుంటే ఆమె కేకలు ఎవరికీ వినబడలేదు. పక్కనే లౌడ్‌స్పీకర్లో పాటలు మోగుతున్నాయి. ఆ సాయంత్రమే ఆమె ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. మాట్లాడే హక్కు ఉన్నవాడికి, ఇష్టం లేనివాడి చెవిలో తన గొంతు బలవంతంగా కుక్కే హక్కు లేదని కోర్టు తేల్చింది. అక్కడ పాట పెట్టినవాళ్లు ఎవరికీ హాని తలపెట్టలేదు. మీట తమ చేతిలో ఉందన్న సంగతి కూడా వాళ్లకు తట్టి ఉండదు.

తలపెట్టకుండానే ఆయుధం పట్టినవాళ్ల కథ ఇంగ్లిషులో ఒకటి ఉంది. డొరొతీ ఎల్. సేయర్స్ 1934లో రాసిన ‘ద నైన్ టైలర్స్’. చిత్తడి నేలల మధ్య ఒక పల్లె. కొత్త సంవత్సరం రాత్రి చర్చి గంటలు ఎనిమిదింటిని ఎనిమిది మంది తొమ్మిది గంటలపాటు ఆపకుండా మోగించాలని పంతం. ఒకతను జ్వరంతో పడకేస్తే, మంచులో కారు చెడి ఊళ్లో చిక్కుకుపోయిన డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ అతని తాడు అందుకుంటాడు. ఊరంతా ఆనందం. నెలలు గడిచాక వేరొకరి సమాధిలో ఒక గుర్తు తెలియని శవం దొరుకుతుంది. ఎలా చచ్చాడో వైద్యులకు అంతుపట్టదు. విమ్సీ ఎన్ని ఆధారాలు ఏరినా చిక్కుముడి వీడదు. చివరికి వరదల హెచ్చరికగా గంటలు మోగుతున్న సమయంలో అతను గోపురం ఎక్కుతాడు. ఆ శబ్దం అతని చెవుల్లో, తలలో, ఒళ్లంతా పేలుతుంది, స్పృహ తప్పేంత పనవుతుంది. అప్పుడు గానీ తెలియదు. ఆ రాత్రి గంటల గదిలో ఒక మనిషి కట్టేసి ఉన్నాడు. అతన్ని చంపింది గంటలు. తాళ్లు లాగిన ఎనిమిది మందిలో డిటెక్టివ్ ఒకడు.

శబ్దానికే మనిషి చస్తాడా అని వైద్యులు వాదించవచ్చు. కథ నిలబడింది అందుకు కాదు. హంతకుణ్ణి వెతుకుతూ బయల్దేరిన తెలివైనవాడు, బాధితుడు నిలబడ్డ చోట తానూ నిలబడి తన చెవులతో వినేదాకా నిజం పట్టుకోలేకపోయాడని సేయర్స్ రాసింది. తెలుగులో అలాంటి కథకు సరుకు ఊరూరా ఉంది. జనరేటర్ బండి వెనక, బాక్సులకు మూరెడు దూరంలో, రోజుకు ఆరేడు గంటలు నిలబడి మిక్సర్ నడిపే పందొమ్మిదేళ్ల కుర్రాడి వైపు నుంచి దాన్ని మొదలుపెట్టవచ్చు. మీట అతని చేతిలోనే ఉంటుంది. పెంచమనేవాళ్లు చుట్టూ ఉంటారు, తగ్గిస్తే ఆ రాత్రి కూలి రాదు. అందరికంటే ముందు చెవులు పోయేది అతనికే.